పాత రేటు తుడవని బోర్డు

నాకు అక్షరాలు వచ్చేసరికి నలభై నాలుగేళ్ళు. సిగ్గుపడి చెప్పడం లేదు, గొప్పకూ చెప్పడం లేదు. నీళ్ళ విభాగంలో వాల్వులు తిప్పే పని నాది. చిక్కడపల్లి, అశోక్‌నగర్ గల్లీలకు ఏ వేళకు నీళ్ళు వదిలానో, ఏ వేళకు కట్టేశానో ఏళ్ళ తరబడి నోటితో చెప్పి వేలిముద్ర వేశాను. కొత్తగా వచ్చిన ఇంజనీరు ఎవరి టైము వాళ్ళే రిజిస్టరులో రాయాలన్నాడు. అప్పుడు విద్యానగర్‌లో ఒక రిటైరైన టీచరమ్మ సాయంత్రాలు నడిపే బడికి వెళ్ళి కూర్చున్నాను. రెండేళ్ళు పట్టింది.

ఆలస్యంగా చదువు నేర్చినవాడికి ఒక రోగం ఉంటుంది. అచ్చులో కనబడిందంతా అప్పటికే జరిగిపోయిందనుకుంటాడు. చిన్నప్పుడే చదువుకున్నవాళ్ళు పేపరును సగం నమ్ముతారు, మిగతా సగంలో పల్లీలు పొట్లం కట్టుకుంటారు. నేను అట్లా కాదు. పొద్దున డ్యూటీ దిగి చిక్కడపల్లి హోటల్లో చాయ్ తాగుతూ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వేలు పెట్టి చదివేవాణ్ణి. ఆ రోగంతో ఒక ఇల్లు పోగొట్టుకోబోయాను. పోకుండా చూసింది నారాయణగూడ చౌరస్తా దగ్గర ఇంటి అప్పులిచ్చే ఒక ఆఫీసులో కిటికీ వెనక కూర్చునే గుమాస్తా. ఆమెను అందరూ మేడమ్ అనేవాళ్ళు. నేనూ అదే అన్నాను.

చిక్కడపల్లిలో ఒక గల్లీ చివర రెండు గదులు, ముందు కాస్త వాకిలి, వెనక రేకుల వంటిల్లు. పాలమూరు వైపు నుంచి వచ్చి పదిహేడేళ్ళుగా అందులో కిరాయికి ఉన్నాం. మా ఇంటామె, అంటే నా భార్య, అశోక్‌నగర్‌లో సర్కారు పరీక్షలకు చదివే పిల్లల గదులకు జొన్నరొట్టెలు చేసి ఇచ్చేది. నేను తెల్లవారుజామున నాలుగింటికి వాల్వు దగ్గర ఉండాలి. ఇల్లు దూరమైతే నా పనీ నడవదు, ఆమె రొట్టెలూ నడవవు.

తొంభై ఏడు ఎండాకాలంలో ఇంటి యజమాని వచ్చి వాకిట్లో కూర్చున్నాడు. బట్టల దుకాణంలో భాగస్వామితో విడిపోయి, సొంత దుకాణం పెట్టుకోవడానికి ఇల్లు అమ్ముతున్నాడు.

"పదిహేడేండ్లు ఒక్క నెల కిరాయి ఆపలే నువ్వు. అందుకే ముందుగాల నిన్ను అడుగుతున్న. పక్క ప్లాటాయన రెండు కలిపి అపార్ట్‌మెంట్ కడ్తనని నా ఎనక తిరుగుతుండు. వచ్చే ఫిబ్రవరి దాక నీ కోసం ఆగుత. దాటితే నా చేతుల లేదు."

మాటకు నిలబడే మనిషి. ఫిబ్రవరి అంటే ఫిబ్రవరే. నా జీతం కాగితం పట్టుకుని నారాయణగూడ వెళ్ళాను.

ఆ ఆఫీసులో కిటికీ పక్కన ఒక నల్లబోర్డు ఉండేది. ఇంటి అప్పుకు ఆనాటి వడ్డీ రేటు దాని మీద సుద్దముక్కతో రాసేది మేడమే. రేటు మారితే పాతది తుడిచేది కాదు. దాని మీద ఒక గీత కొట్టి, పక్కన తేదీ వేసి, కింద కొత్తది రాసేది. నాలుగైదేళ్ళ రేట్లు ఒకదాని కింద ఒకటి, గీతలతో, చిల్లర దుకాణం గోడలా కనిపించేవి. ఆఫీసుకు అందంగా లేదని మేనేజరు చాలాసార్లు అన్నాడట. ఈమె వినలేదు. ఎందుకు తుడవరని నేనూ అడిగాను.

"తుడిస్తే ఈ రేటు ఇయ్యాల ఆకాశం నుంచి పడ్డదనుకుంటరు జనం. ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో చూసుకొని సంతకం పెట్టాలె గద అన్నా."

నలభై లోపు మనిషి. బక్కగా ఉండేది. నవ్వడం నేను చూడలేదు. ఆ రోజు బోర్డు మీద పదిహేను ఉంది.

"సంతకం పెట్టిన రోజు ఏ రేటు ఉంటే పదిహేనేండ్లు అదే రేటు. బయట పెరిగినా మీది పెరగదు. తగ్గినా తగ్గదు" అంది.

"తగ్గితే మాకు తగ్గించరా మేడమ్?"

"పెరిగితే నాది పెంచుమని మీరు వచ్చి అడుగుతరా?"

ఫైలు తెరిపించాను గానీ సంతకం పెట్టలేదు. కారణం పేపరే. బొంబాయిలో సర్కారు పెద్ద బ్యాంకు ఒకటుంది, బ్యాంకులకే అప్పిచ్చే బ్యాంకు. అది తన రేటు నూటికి ఒకటి తగ్గించిందనీ, ఇంకా తగ్గించవచ్చుననీ, దాంతో కింద అన్ని వడ్డీలూ దిగుతాయనీ చదివాను. దిగబోయేదాన్ని ఇవాళ ఎందుకు నెత్తిన పెట్టుకోవాలి? ఆగాను.

వానలు మొదలవుతుండగా పెద్ద బ్యాంకు రెండోసారి తగ్గించింది. పేపరు మడిచి చంకలో పెట్టుకుని, డ్యూటీ దుస్తుల్లోనే కిటికీ దగ్గర నిలబడ్డాను.

"మేడమ్, తగ్గింది గద. ఎంత రాసిండ్రు?"

"బోర్డు మీద ఎంతుంది?"

"పదిహేనే ఉంది."

"అయితే పదిహేనే."

"ఇగో, పేపర్ల అచ్చయింది."

"అచ్చయింది పెద్ద బ్యాంకు రేటు. ఇది మా రేటు."

"గది తగ్గితే గిది తగ్గదా?"

"తగ్గుతది. ఇయ్యాల కాదు."

"మరి ఎప్పుడు?"

"నాకు ముందు తెలిస్తే నేనే ఒక ఇల్లు కొనుక్కుందును అన్నా."

వెనక వరుసలో ఎవరో నవ్వారు. నాకు మండింది.

"మార్కెట్ల ఉల్లిగడ్డ ధర పొద్దుగాల పడితే సాయంత్రానికి బండి మీద పడ్తది. మీది ఏం సరుకు మేడమ్, పెరుగుడే గాని తగ్గుడు లేదు?"

ఆమె కలం కింద పెట్టింది. బెంచీ మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. అదే ఆఫీసులో డబ్బు డిపాజిట్ చేసి, మూడు నెలలకోసారి వడ్డీ తీసుకుపోవడానికి వచ్చేవాడు. ఆయన్ని పిలిచింది.

"పెద్దనాయనా, మీ పైసలు ఎంతకు పెట్టిండ్రు?"

"పద్నాలుగు. మూడేండ్లకు. పోయినేడు పెట్టిన."

"పెద్ద బ్యాంకు రేటు తగ్గించిందంట. మీకు ఇయ్యాల్టి నుంచి పన్నెండే ఇస్తమంటే?"

ముసలాయన చేతికర్ర నేల మీద ఆనించాడు. "ఎట్ల ఇస్తవమ్మా? రసీదు మీద రాసిచ్చిండ్రు. గా మాట అన్నవంటే ఈడ్నే కూసుంట. అన్నం గూడ ఈడికే తెప్పించుకుంట."

మేడమ్ నా వైపు తిరిగింది. "విన్నరా? మీకు అప్పిచ్చే పైసలు ఈయనవే. బొంబాయివి కావు. ఈయనకు పద్నాలుగు కట్టుకుంట మీకు పన్నెండుకు ఇస్తే రేపు ఆఫీసు షట్టర్ నేను గుంజాలె. ఈయన రసీదు గడువు తీరాలె. కొత్తోళ్ళు వచ్చి తక్కువకు పెట్టాలె. అప్పుడు మీది తగ్గుతది. పెద్ద బ్యాంకుది ఒక్కరోజు మాట. మావి పాత రసీదులు. ఒక్కొక్కటి తీరుకుంట పోవాలె."

రెండు నిమిషాలు పట్టింది. ఆ తర్వాత కోట్లు వేసుకున్నవాళ్ళు టీవీలో ఇదే సంగతి గంటసేపు చెబుతుంటే చూశాను, సగం అర్థం కాలేదు. వాళ్ళ పక్కన బెంచీ మీద ఆ ముసలాయన లేడు, అందుకే అంత కష్టపడ్డారనుకుంటాను. ఎదుటివాడికి ఏం తెలుసో చూసి, అక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పగలిగిన మనుషులను నా జీవితంలో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఈమె ఒకతె.

అర్థమైంది. అయినా ఆశ చావలేదు. అర్థం కావడం వేరు, ఆశ వేరు.

వెళ్ళినప్పుడల్లా ఆమె ఇంకో మాట అడిగేది. "జీతం కాగితం మూడు నెలలే చెల్లుతది. కొత్తది తెచ్చి ఫైల్ల పెట్టుండ్రి."

"సంతకమే పెట్టనప్పుడు కాగితమెందుకు మేడమ్? సతాయించుడు తప్ప."

"పెట్టే రోజు దాని కోసం మీరు ఉరుకొద్దని."

గొణుక్కుంటూనే తెచ్చి ఇచ్చేవాణ్ణి. మా ఆఫీసులో ఆ కాగితం తీయించడం అంటే రెండు పూటలు నిలబడటం. ఆమెను మనసులో చాలా తిట్టుకున్నాను.

బతుకమ్మ పండుగకు ముందు బోర్డు మారింది. పదిహేను మీద గీత, పక్కన తేదీ, కింద పద్నాలుగున్నర. నా కళ్ళ ముందే రాసింది. చేతికంటిన సుద్ద దులుపుకుంటూ అడిగింది.

"ఇప్పుడు పెడ్తరా?"

"ఇంకో అర్ధ దిగనియ్యుండ్రి మేడమ్."

ఆమె నా ఫైలు మడిచి అరలో పెట్టింది. పండుగ దాటాక పెద్ద బ్యాంకు మూడోసారి తగ్గించింది. నాకు ఇక తిరుగులేదనిపించింది. ఆగినందుకు ఒక అర్ధ వచ్చింది, ఇంకా ఆగితే ఇంకో అర్ధ వస్తుంది. ఇంట్లో మాత్రం పొయ్యి ముందు నుంచి వేరే లెక్క వినబడేది.

"పదిహేడేండ్లు కిరాయి పోసినవ్. అప్పుడు ఏ అర్ధ యాదికి రాలె నీకు."

"నీకేం తెలుస్తది? పేపర్ల ఇంకా తగ్గుతదని రాసిండ్రు."

"ఇంటి సేటు ఫిబ్రవరి అన్నడు. గది గూడ రాసిండ్రా నీ పేపర్ల?"

ఆమెకు అక్షరం రాదు. నాకు వచ్చు. ఆ ధీమాతోనే ఆమె నోరు మూయించాను. రాసుకోవడానికి బాగుండదు గానీ జరిగింది అదే.

సంక్రాంతి దాటిన రెండు మూడు రోజులకు, హోటల్లో పేపరు తెరిస్తే మొదటి పేజీలోనే ఉంది. రూపాయి డాలరు ముందు పడిపోతున్నదనీ, దాన్ని నిలబెట్టడానికి పెద్ద బ్యాంకు తన రేటు ఒక్క దెబ్బకు రెండు పెంచిందనీ. మూడుసార్లుగా దిగినదాంట్లో రెండు వంతులు ఒక్కరోజులో పైకెక్కింది. మళ్ళీ చదివాను. వేలు పెట్టి చదివాను. బోర్డు మీద పద్నాలుగున్నర పోయి పదహారున్నర అయి ఉంటుందని లెక్క వేసుకున్నాను. వడ్డీ పెరిగితే నెల కిస్తు పెరుగుతుంది, నా జీతానికి ఇచ్చే అప్పు తగ్గుతుంది. ఇంటి ధరకు అది చాలదు. మిగతా సొమ్ము తేవడానికి నాకు ఎవరూ లేరు.

నారాయణగూడ వైపే పోలేదు. ఆ వైపు పని పడితే బాగ్ లింగంపల్లి మీదుగా చుట్టు తిరిగి పోయాను. ఆమె ముఖం ఎట్లా చూడాలి? మూడో రోజు అన్నం తింటూ ఇంటామెతో చెప్పాను.

"ఇల్లు పోయింది."

"ఎవరు చెప్పిండ్రు?"

"రేటు పెరిగింది. పేపర్ల వచ్చింది."

"మేడమ్ చెప్పిందా?"

"మేడమ్‌ను అడిగేదేముందే? అచ్చయినంక?"

మర్నాడు ఆమె అశోక్‌నగర్‌లో రొట్టెలు ఇచ్చేసి, ఖాళీ గంప నడుముకు పెట్టుకుని నేరుగా నారాయణగూడ నడిచింది. ఆ ఆఫీసు మెట్లు అంతకు ముందు ఎక్కింది లేదు. మధ్యాహ్నం వచ్చి గంప దించి, నీళ్ళు తాగి, అప్పుడు చెప్పింది.

"పద్నాలుగున్నరే ఉందంట. రేపు పదకొండు గంటలకు రమ్మన్నది. సంతకానికి."

"పెంచలేదా?"

"ఇంకా పెంచలేదంట. ఎన్ని రోజులు ఆగుతదో ఎరుక లేదంట. నీకు ఒక మాట చెప్పుమన్నది."

"ఏమని?"

"తగ్గేటప్పుడు ఆలస్యమైతే కొట్లాటకు వచ్చిండు. పెరిగేటప్పుడు ఆలస్యమైతే ఇంట్ల దాక్కున్నడా అన్నది."

నేను తల ఎత్తలేకపోయాను. ఆ ముసలాయన రసీదు సంగతి మేడమ్ నాకు జూన్‌లోనే చెప్పింది. పాత డిపాజిట్లకు తక్కువ ఇవ్వలేరని తెలుసుకున్నవాణ్ణి, పెద్ద బ్యాంకు పెంచినంత మాత్రాన ఆ డిపాజిట్లు తెల్లారేసరికి ఖరీదు కావని మాత్రం తెలుసుకోలేకపోయాను. దిగడానికి నెలలు పట్టిన దారిలోనే ఎక్కడానికీ కొన్నాళ్ళు పడుతుంది. చదువు రాని మనిషి వెళ్ళి చూసి వచ్చింది. చదివినవాణ్ణి నేను కూర్చుని ఏడ్చాను.

మర్నాడు ఇద్దరం వెళ్ళాం. నా ఫైలు బల్ల మీద సిద్ధంగా ఉంది. డిసెంబరులో తిట్టుకుంటూ తెచ్చిన జీతం కాగితం ఇంకా చెల్లుతుంది. అది లేకపోతే మళ్ళీ రెండు పూటలు మా ఆఫీసులో నిలబడాల్సిందే. ఆమె కాగితాలు ఒక్కొక్కటి తిప్పుతుండగా లోపలి గదిలోంచి మేనేజరు వచ్చాడు.

"ఇప్పుడెందుకమ్మా, రెండు రోజులు ఆగుదాం. హెడ్డాఫీసు నుంచి కొత్త రేటు రావచ్చు. కొత్త అప్పులే ఆపమంటారేమో కూడా."

మేడమ్ లేవలేదు. సుద్దముక్క తీసి బల్ల అంచున ఆయన వైపు పెట్టింది.

"కాగితం వచ్చిందా సార్?"

"ఇంకా రాలేదు."

"బోర్డు మీద పద్నాలుగున్నర ఉంది. చదువుకునే వచ్చిండ్రు వీళ్ళు. మీరు దాని మీద గీత కొట్టి, ఇయ్యాల్టి తేదీ వేయుండ్రి. నేను వీళ్ళను వాపస్ పంపుత."

మేనేజరు బోర్డు వైపు చూశాడు. పై నుంచి కింది దాకా ఆ గీతలన్నీ, ఆ తేదీలన్నీ ఆమె చేతివే. ఏ కాగితం లేకుండా కొట్టిన గీత వాటిలో ఒక్కటీ లేదు. ఆయన సుద్దముక్క ముట్టుకోలేదు. లోపలికి పోయాడు. ఆమె అది మళ్ళీ డబ్బాలో వేసి, ఏమీ జరగనట్టు నా వైపు కాగితాలు జరిపింది. ఉద్యోగం చేసే మనిషి పైవాడితో అట్లా మాట్లాడటం తేలిక కాదు. నేనూ ఉద్యోగం చేశాను, నాకు తెలుసు. అరిచి మాట్లాడినవాళ్ళను చూశాను, కాళ్ళు పట్టుకున్నవాళ్ళను చూశాను. రెండూ చేయకుండా ఉన్నమాట ఉన్నచోట పెట్టి ఊరుకున్న మనిషిని ఆమెనే చూశాను.

ఒప్పందం ఇంగ్లీషులో ఉంది. నేను కలం ఎత్తగానే ఆపింది. తెల్లకాగితం తీసి తెలుగులో మూడు వాక్యాలు రాసి నా ముందు పెట్టింది.

"గట్టిగ చదువుండ్రి. ఆమె గూడ వినాలె."

కూడబలుక్కుంటూ చదివాను. ఈ అప్పుకు వడ్డీ పద్నాలుగున్నర, బయట రేటు పెరిగినా ఇది పెరగదు. బయట రేటు తగ్గినా ఇది తగ్గదు. రేపు తగ్గితే ఈ కిటికీ దగ్గరికి కొట్లాటకు రాను. మూడోది చదువుతుంటే మా ఇంటామె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. వరుసలో ఒకాయన విసుక్కున్నాడు.

"ఈడ బడి పెట్టిండ్రా మేడమ్? జర జల్దీ కానియ్యుండ్రి."

"పదిహేనేండ్లు కట్టేది ఆయన. రెండు నిమిషాలు ఆగలేవా నువ్వు?"

సంతకం పెట్టాను. నా పేరులో ఉన్న అక్షరాలన్నీ వేశాను.

నాలుగు రోజులకు హెడ్డాఫీసు నుంచి కాగితం వచ్చింది. రేటు మార్చలేదు గానీ, రూపాయి సంగతి తేలేదాకా కొత్త అప్పులకు సంతకాలు ఆపమన్నారు. నెలన్నర పైన ఆపేశారు. ఫిబ్రవరి అందులోనే గడిచిపోయింది. మా చెక్కు మాత్రం అప్పటికే వచ్చింది. సేటు మాట తప్పలేదు, రిజిస్ట్రేషను ఆఫీసులో తనే ముందు వచ్చి కూర్చున్నాడు.

వేసవికల్లా పెద్ద బ్యాంకు పెంచినదాన్ని మళ్ళీ మెట్టు మెట్టుగా దించుకుంటూ వచ్చింది. ఆ తర్వాత కొన్ని నెలలకు నారాయణగూడ బోర్డూ కదిలింది. కిస్తు కట్టడానికి వెళ్ళిన రోజు నా పద్నాలుగున్నర మీద గీత ఉంది. కింద పద్నాలుగు. కడుపు మండలేదంటే అబద్ధం. నా వెనక వచ్చినవాడు నాకంటే తక్కువ కడతాడు, అదీ పదిహేనేళ్ళు.

మేడమ్ కళ్ళద్దాల పైనుంచి చూసింది.

"చదివిండ్రా?"

"చదివిన మేడమ్."

"మరి ఏమంటరు?"

"పక్క ప్లాటాయన అపార్ట్‌మెంట్ పని షురూ చేసిండు మేడమ్. పిల్లర్లు లేపుతుండు. మా గోడ దాక వచ్చి ఆగినయి."

ఆమె డబ్బు లెక్కపెట్టుకుని రసీదు మీద ముద్ర వేసి నా చేతికిచ్చింది.

"అయితే జర పక్కకు జరుగుండ్రి. వెనక మనుషులున్నరు."